మూడు తక్కువ

బేరింగుల కంపెనీ ఆఫీసులో ఆయన్ని ఎదురుగా "అకౌంటెంటు గారూ" అని పిలుస్తారు. చాటున మాత్రం "ముప్పైతొమ్మిది" అంటారు. ఆయనకి తెలియదనుకుంటారు గానీ, ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో ఏ మూల ఎవరేం గొణిగినా ఆయన చెవిన పడకుండా పోలేదు. అకౌంటెన్సీ పరీక్షలో ఆఖరి మెట్టు మూడు పేపర్లు. ఒక్కో పేపర్లో నలభై మార్కులు రావాలి. ఆడిట్ పేపర్లో ఆయనకి వరసగా రెండుసార్లు ముప్పైతొమ్మిదే వచ్చింది. మొదటిసారి అయ్యో పాపం అన్నవాళ్ళే రెండోసారి నవ్వాపుకోలేకపోయారు.

మూడోసారి రాసి రెండు నెలలైంది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ఫలితాలు. ఈసారి పోతే పోయేది పరువొక్కటే కాదు. పాత మేనేజరు రిటైరైపోయాడు, అద్దాల గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. "పాసయితే ఆ కుర్చీ మీదే. లేదంటే ఒకటో తారీఖున బయట నుంచి ఒకావిడ వస్తుంది, ఆవిడ కింద సర్దుకోవాలి," అని ఓనరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆయన భయం మాత్రం ఆడిట్ పేపరు గురించి కాదు. ఆ సంగతి కూతురికి తప్ప ఎవరికీ తెలియదు.

కూతురు అదే పరీక్ష కిందటేడు ఒక్క దెబ్బకి పాసైంది. ఈసారి ఆయన ఆఖరి పేపరు రాసొచ్చిన సాయంత్రం ప్రశ్నపత్రం తిరగేస్తూ, "ఇదేంటి నాన్నా, చివరి ప్రశ్న రాయలేదా? ఎనిమిది మార్కులు! టైం చాల్లేదా?" అని అడిగింది.

"చాలకేం, ఇరవై అయిదు నిమిషాలు మిగిలింది."

"మరి?"

"రాసినవి కలుపుకుంటే నలభై అయిదు దాటుతున్నాయమ్మా. ఇంకా ఆశకి పోయి ఉన్నవి పాడుచేసుకోవడం ఎందుకని, రాసినవే మళ్ళీ సరిచూసుకున్నా."

"మూడు పేపర్లలోనూ ఇంతేనా?"

"ఇంతే."

కూతురు కాగితం పక్కన పెట్టేసింది. "నాన్నా, మొత్తం మూడొందలకి నూట యాభై కూడా రావాలి కదా."

ఆయన ప్రశ్నపత్రం అందుకుని వేళ్ళ మీద కూడడం మొదలుపెట్టాడు. ఆ నిబంధన తెలియక కాదు. ఫారం వెనక అచ్చేసే ఉంటుంది, ఎన్నిసార్లు చదవలేదు? కిందటి రెండుసార్లూ మొత్తం నూట అరవై దాటింది. ఒక్క ఆడిట్ పేపరే ముంచింది. దాంతో ఆ నలభై తప్ప లోకంలో ఇంకో అంకె ఉందన్న సంగతే మర్చిపోయాడు. పైగా చేతికి పాత అలవాటొకటి ఉంది. రాసిన పేజీని మూడుసార్లు కూడి, పక్కన ఆకుపచ్చ టిక్కు పెడితే గానీ తర్వాతి పేజీకి కదలడు. ఆ అలవాటు చూసే కదా ఓనరు ఇన్నేళ్ళు నెత్తిన పెట్టుకున్నాడు!

ఆ రోజు నుంచి ఆయనకి తిండి సయించలేదు. బస్సులోనూ స్నానాల గదిలోనూ కూడికలే. ఒకసారి నూట యాభై ఒకటి తేలేది, ప్రాణం లేచొచ్చేది. ఇంకోసారి నూట నలభై ఆరు తేలేది. మార్కులు వేసేది తను కానప్పుడు ఎన్నిసార్లు కూడితే మాత్రం ఏం లాభం? అది తెలిసీ మళ్ళీ మొదలుపెట్టేవాడు.

పన్నెండున్నర దాకా సైటు తెరుచుకోలేదు. తెరుచుకున్నాక ఫోను బల్ల మీద పెట్టి, ఒక్కో అంకే నొక్కుతూ హాల్ టికెట్ నంబరు కొట్టాడు. స్టోర్‌కీపరు ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డాడో, భుజం మీదుగా వంగి బిగ్గరగా చదివేశాడు.

"నలభై తొమ్మిది! యాభై రెండు! ఆడిట్ నలభై ఆరు! నలభై దాటేశారు గురువుగారూ! పాసు!"

అంతే, గది గదంతా లేచి నిలబడింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఓనరు బయటికొచ్చి చెయ్యి పట్టుకుని ఊపేసి, "పదండి, ముందా కుర్చీలో కూర్చోండి. తలుపు మీద మీ పేరు ఇవాళే రాయిస్తా," అంటూ అద్దాల గదిలోకి లాక్కుపోయాడు. వెనకే అందరూ వచ్చారు. ఆయన్ని కూర్చోబెట్టారు. ఆయన ఒళ్ళో ఫోను పెట్టుకుని, ఎవరూ చూడకుండా తెరని వేలితో పైకి జరిపాడు. అడుగున మొత్తం కనిపించింది. నూట నలభై ఏడు.

అంతమందిలో ఆ నిబంధన తెలిసినవాడు ఆయనొక్కడే. చెప్పకపోతే? సర్టిఫికెట్ వచ్చేసరికి ఎలాగూ మూడు నెలలు పడుతుంది. అప్పుడు చూసుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన రావడమే కాదు, వచ్చి కాసేపు తిష్ట వేసింది. కుర్చీ మెత్తగా ఉంది. ఇరవై రెండేళ్ళు కర్ర కుర్చీ మీద కూర్చున్న మనిషిని, ఆ కాసేపటి కోసం తప్పుపట్టేవాళ్ళు పట్టుకోవచ్చు.

స్టోర్‌కీపరు హుషారుగా ఉన్నాడు. "సార్, ఈయన మేనేజరైతే ఇంక నా పని గోవిందా! కిందటేడు మూడు బేరింగులు తక్కువొచ్చాయని రెండు రోజులు ర్యాకులన్నీ దింపించారు మహానుభావులు. పోతే పోనీయమని మీరన్నా వింటేనా!"

"వినలేదు," అన్నాడు ఓనరు మురిసిపోతూ. "మూడైనా తక్కువ తక్కువే అన్నాడు నాతో."

ఆయన కుర్చీలోంచి లేచాడు.

"మూడు తక్కువండీ."

"ఏవి, మళ్ళీ బేరింగులా?"

"మార్కులు. ఒక్కో పేపర్లో నలభై వస్తే చాలదు. మొత్తం నూట యాభై రావాలి. నాకు నూట నలభై ఏడే వచ్చాయి. నేను పాసవలేదండీ."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఓనరు "మూడేగా" అనబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాడు. "సరే. ఒకటో తారీఖున ఆవిడ వస్తుంది. ఫైళ్ళు సర్దిపెట్టండి," అన్నాడు నెమ్మదిగా.

అందరూ ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళాక స్టోర్‌కీపరు మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నా నోటికి తాళం లేదు గురువుగారూ."

"నువ్వు చదివింది సరిగ్గానే చదివావులే," అన్నాడాయన. అన్నాడే గానీ గ్లాసు ముట్టుకోలేదు.

భోజనాల వేళ గది ఖాళీ అయింది. ఆయన సొరుగులోంచి ప్రశ్నపత్రం తీశాడు. చివరి ప్రశ్న గోడౌన్ లెక్కకీ పుస్తకంలో లెక్కకీ తేడా ఎక్కడొచ్చిందో తేల్చమని. రోజూ చేసే పనే. పెన్సిలు తీసుకుని, గోడ గడియారం చూసి మొదలుపెట్టాడు. పదకొండు నిమిషాల్లో తేడా తేలిపోయింది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, ఎంత?"

"నూట నలభై ఏడు."

ఆయన ప్రశ్నపత్రం దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ ఎనిమిది మార్కులదీ ఇప్పుడే రాశానమ్మా. పదకొండు నిమిషాలు పట్టింది."

"సరిచూసుకున్నావా?" అని అడిగింది కూతురు.

ఆయన చేతిలో ఆకుపచ్చ పెన్ను మూత తీసి ఉంది. మూత పెట్టేశాడు.

"లేదమ్మా," అన్నాడు. "చూసుకోలేదు."