రాలగా మిగిలిన పాట

పొద్దున తొమ్మిదింటికి కాగితాలక్క లైబ్రరీ తలుపు తీసి, ముందు కిటికీలు తెరిచి, ఆ తర్వాత చీపురు పట్టుకునేది. అది పుస్తకాల లైబ్రరీ కాదు, బ్యాండ్లకు సంగీతం అరువిచ్చే చోటు. రెండో అంతస్తులో పొడుగాటి గది. గోడల వెంట ఇనుప అల్మారాలు, వాటినిండా అట్ట ఫైళ్లు. ఒక్కో ఫైల్లో ఒక జాజ్ పాట. అయిదు శాక్సఫోన్లకు, నాలుగు ట్రంబోన్లకు, నాలుగు ట్రంపెట్లకు, పియానోకు, బేస్‌కు, డ్రమ్స్‌కు ఎవరిది వాళ్లకు విడిగా రాసిన కాగితాలు. ఒకే పాటకు మూడు నాలుగు అరేంజ్‌మెంట్లు ఉండేవి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒకటి, చెయ్యి తిరిగినవాళ్లకు ఒకటి, అటూ ఇటూ కానివాళ్లకు ఒకటో రెండో.

ఏ బ్యాండుకు ఏది సరిపోతుందో తేల్చడమే ఆమె పని. వినడానికి తేలికే. కానీ తన బ్యాండు గురించి నిజం చెప్పే మాస్టారు ఎక్కడా పుట్టలేదు.

"మా పిల్లలు దేన్నయినా నమిలేస్తారక్కా, గట్టిదే ఇవ్వండి," అనేవాడు బడి బ్యాండు మాస్టారు.

"మీ మొదటి ట్రంపెట్ పై స్వరాలు పట్టగలడా?"

"పడతాడు. ఆ రోజు మనసు బాగుంటే."

"ట్రంబోన్లు నలుగురూ వస్తారా?"

"ఇద్దరు తప్పకుండా వస్తారు. మూడోవాడు పరీక్షలు లేకపోతే వస్తాడు. నాలుగోవాడు ఉన్నాడు గానీ, వాడికి ట్రంబోనే లేదు."

ఆమె వాదించేది కాదు. అడిగిన ఫైలే తీసి చేతిలో పెట్టేది. ఆ అల్మారాల్లోని కాగితాలకు ఒక గుణం ఉండేది. వాయించేవాళ్లు పట్టుకుంటే వాళ్లకు మించిన స్వరాలు, మాస్టారు పట్టుకుంటే ఆయన బ్యాండుకు మించిన స్వరాలు గీతల మీంచి జారి, ఆవగింజల్లా కింద రాలిపోయేవి. మాస్టారు తొక్కకుండా కాళ్లు పక్కకు జరుపుకునేవాడు. ఆమె ఊడ్చి ఫైల్లో పోసేది. తెల్లారేసరికి అవి వాటి గీతల మీదికి ఎక్కి కూర్చునేవి. జోళ్ల దుకాణంలో కాలు పెట్టి బిగుతు చూసుకోవడం లాంటిదే ఇదీ. ఎవరూ దాని గురించి ఇంకోసారి మాట్లాడుకునేవాళ్లు కాదు.

ఇంట్లో ఆమె, చెల్లెలు, ఇద్దరే. తల్లి పోయేనాటికి ఆమెకు పందొమ్మిది, చెల్లెలికి పదకొండు. జడ వేయడం నుంచి ట్రంపెట్ కొనివ్వడం దాకా అన్నీ అక్కే చూసుకుంది. తనూ ఒకప్పుడు ట్రంబోన్ వాయించేది. పాతికేళ్లప్పుడు ఒకరోజు, ఎంతో ఇష్టపడి తీసిన కాగితం ఆమె చేతుల్లోనే తెల్లగా మిగిలింది. ఆ వారమే ట్రంబోన్ ఎవరికో ఇచ్చేసింది. కాగితాలు చూసుకునే ఉద్యోగంలోనే ఉండిపోయింది.

చెల్లెలికి ఇరవై రెండేళ్లప్పుడు, ఊళ్లు తిరిగే పెద్ద బ్యాండు ఒకటి వచ్చింది. వాళ్ల ట్రంపెట్ మనిషి ఒకతను మానేశాడు. ఆ చోట చేరాలనుకునేవాళ్లు ఈ పాట నేర్చుకుని శనివారం రండి అని, తమ పాటల్లో కష్టమైనదాన్ని లైబ్రరీలో ఇచ్చి పోయారు. చెల్లెలు మధ్యాహ్నం పరుగెత్తుకుంటూ వచ్చింది. అక్క ట్రంపెట్ కాగితం తీసి ఇచ్చి నేలకేసి చూసింది.

ఒక్కటీ రాలలేదు.

చెల్లెలు పెదాలు కదుపుతూ, వేళ్లతో గాల్లో మీటలు నొక్కుతూ చదువుకుంటోంది. అక్క చెయ్యి కోటు జేబులోకి పోయింది. పొద్దున ఇంకెవరిదో ఫైలు దగ్గర ఊడ్చిన స్వరాలు అందులో గుప్పెడున్నాయి. గుప్పిట తెరిచింది.

"అయ్యో, చూడు," అంటూ చెల్లెలి చేతిలోంచి కాగితం లాక్కుని ఫైల్లో పెట్టేసింది. "సగం కూడా నిలవలేదే."

చెల్లెలు నేల వంక చూసింది. కాగితం మళ్లీ చూపించమని అడగలేదు. అక్క అబద్ధం చెబుతుందని ఆ పిల్లకు తట్టనే లేదు.

"పోనీలే, ఇంకో ఏడాది సాధన చేద్దువుగాని," అంది అక్క.

సోమవారం బ్యాండు ఊరు దాటింది. ఆ గుప్పెడు స్వరాలు మాత్రం ఎన్ని రాత్రులు ఏ ఫైల్లో ఉంచినా పైకి ఎక్కలేదు.

ఆ తర్వాత చెల్లెలు బస్ డిపోలో టైమ్‌కీపర్‌గా చేరింది. డిపో బ్యాండులో మూడో ట్రంపెట్ వాయించేది. మూడో ట్రంపెట్ అంటే గుంపులో గోవిందా. తప్పినా తెలియదు, ఒప్పినా తెలియదు. ఇంట్లో సాధన ముందు గంట నుంచి అరగంటకు, ఆపైన ఆదివారాలకు తగ్గింది. డిపోకు ఫైలు తీసేటప్పుడల్లా అక్క చెయ్యి తేలికపాటి అర దగ్గరికే పోయేది. ఈరోజు చెబుదాం అనుకునేది. సాయంత్రం చెల్లెలు అలసిపోయి వచ్చి చెప్పులు విప్పుతుంటే, రేపు చెబుదాంలే అనుకునేది. అలా పదహారేళ్లు గడిచాయి.

ఆ ఏడాది ఊళ్లోని బ్యాండ్లన్నీ పార్కులో ఒక ఆదివారం మధ్యాహ్నం వాయించాలన్నారు. చెల్లెలు లైబ్రరీకి వచ్చింది.

"మా మొదటి ట్రంపెట్ అతనికి బదిలీ అయింది. ఇప్పుడు నేనే దిక్కు. అప్పట్లో ఆ పెద్ద బ్యాండువాళ్లు ఇచ్చి పోయిన పాట ఉంది కదా, అది తియ్యక్కా."

"దానికి తేలికది కూడా ఉంది."

"తేలికది వద్దు. మాలో ఇద్దరు ఏదిచ్చినా వాయిస్తారు. అయిదారుగురు ఓ మాదిరి. మిగతావాళ్లు నిరుడు చేరినవాళ్లు. తేలికది ఇస్తే ఆ ఇద్దరూ నిద్రపోతారు, కష్టమైనదిస్తే మిగతావాళ్లు పారిపోతారు. ఏదయితేనేం, ఒక్కసారి దీని మొహం చూడాలనుంది."

అక్క ఇచ్చింది. ఈసారి నిజంగానే రాలాయి. పై స్వరాలు ముందు, వేగంగా పరుగెత్తేవి తర్వాత. చాలాసేపు రాలాయి. చెల్లెలు నవ్వింది.

"అప్పటికంటే ఎక్కువే పోయాయి కదక్కా?"

అక్క బల్ల అంచు పట్టుకుంది. "అప్పుడు ఒక్కటీ రాలలేదే."

"ఏంటి?"

"నీ చేతిలో ఒక్కటీ రాలలేదు. కింద పడ్డవి నా జేబులోవి."

కింద వీధిలో ఎవరో షట్టరు ఎత్తుతున్నారు. చెల్లెలు కాగితం దించి అక్క వైపు తిరిగింది.

"ఎందుకు?"

"నువ్వెళ్లిపోతే ఒక్కదాన్నే అయిపోతానని."

"అంతేనా?"

"అంతే కాదు," అంది అక్క. "నా చేతిలో నిలవనిది నీ చేతిలో నిలిచేసరికి ఓర్చుకోలేకపోయాను."

చెల్లెలు అరవలేదు, ఏడవలేదు. "పదహారేళ్లుగా నా పెదాలనే తిట్టుకుంటున్నానే అక్కా," అంది.

అక్క చీపురు అందుకుంది.

"ఊడవకు," అంది చెల్లెలు. కాగితంలో మిగిలినవాటిని చూసింది. అక్కడొకటి, ఇక్కడొకటి. మధ్యమధ్య పెద్ద ఖాళీలు. సన్నగా కూనిరాగం తీసింది. మళ్లీ మొదటి నుంచి తీసింది. తర్వాత బల్ల మీది ఫైలు మొత్తం చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

డిపోలో బస్సులు కడిగే షెడ్డులో ఎవరి కాగితం వాళ్ల చేతికిచ్చింది. రాలేవి రాలనిచ్చింది. శాక్సఫోన్ వాయించే బస్సు కండక్టరుకు, పియానో ముందు కూర్చునే పెయింటరుకు ఒక్క చుక్క పోలేదు. నిరుడు చేరిన క్లీనరుకు నాలుగే నాలుగు స్వరాలు మిగిలాయి. "నాలుగూ నాలుగు రాళ్లలా వేస్తానక్కా," అన్నాడతను. అందరూ కలిసి మిగిలిందే వాయించి చూశారు. ఆ పెద్ద పాట లోపల అంతదాకా ఎవరికీ వినపడని చిన్న పాట ఒకటి ఉంది. ఎక్కడ మరీ బోసిగా ఉందో అక్కడ చెల్లెలు పెన్సిలుతో ఒకటీ అరా రాసింది. రోజూ డ్యూటీ దిగగానే మూడు వారాలు అదే పని. ఇంట్లో మాత్రం "తాళం ఎక్కడ", "పాలు పొంగుతున్నాయి" తప్ప మాటల్లేవు.

ఆదివారం పార్కులో అక్క చివర నిలబడి వింది. జనం కుర్చీల్లో ముందుకు వంగి విన్నారు. పాట సగానికి వచ్చాక ట్రంపెట్ ఒక్కటే ఆకాశంలోకి ఎగబాకవలసిన చోటు ఒకటుంది. అక్కడ చెల్లెలు ట్రంపెట్ కిందికి దించి, ఎనిమిది లెక్కపెట్టేంతసేపు ఊరుకుంది. డ్రమ్స్ మెత్తగా నడిచాయి. జనానికి అది హాయిగా ఉంది. అక్కడ ఏముండాలో తెలిసినవాళ్లు అంతమందిలో ఇద్దరే. ఒకామె వేదిక మీద నేలకేసి చూస్తోంది. రెండో ఆమె చెవులు మూసుకోలేక, కళ్లు మూసుకుంది.

అయిపోయాక రేవు పట్నం నుంచి వచ్చిన సంగీత పాఠశాల పెద్దాయన వేదిక దగ్గరికి వెళ్లాడు. "ఈ అరేంజ్‌మెంట్ ఎవరిదమ్మా? మా దగ్గర నలభై మంది ఉన్నారు, నలభై రకాలు. అందరికీ సరిపోయేలా కూర్చేవాళ్లు దొరక్క చస్తున్నాం."

చెల్లెలు ఒక్క క్షణం ఆలోచించి, "నాదేనండీ," అంది.

నెల తిరగకుండా డిపోలో రాజీనామా ఇచ్చింది. అక్క రెండు పెట్టెలు సర్ది, స్వెట్టరు మర్చిపోకుండా పైన పెట్టింది. ఎన్నాళ్లకు వస్తావని అడగడానికి గుమ్మం దాకా రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లూ మూసుకుంది.

చెల్లెలు పెట్టెలు ఆటోలో పెట్టించి వెనక్కి వచ్చి, అక్క చెయ్యి పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది.

"వెళ్తానక్కా," అంది.

చిన్నప్పుడు బడికి పోతూ ఆ పిల్ల అలా అంటే, "వెళ్తాను అనకూడదే, వెళ్లొస్తాను అనాలి" అని ప్రతిసారీ అక్క వెనక్కి పిలిచి దిద్దేది. ఈసారి దిద్దలేదు. ఆటో సందు మలుపు తిరిగేదాకా నిలబడి, "సరే," అంది.