మేకుకు తగిలించిన గ్లౌజులు

మా కోడలితో నేను మాట్లాడక అప్పటికి రెండు రోజులు. కారణం చెబితే ఇప్పుడు నాకే సిగ్గేస్తుంది గానీ, ఆ రోజు మాత్రం ఒళ్ళు మండిపోయింది. దుప్పటి మీద మరక అలాగే ఉందని హోటల్ మేనేజరు గొడవకొస్తే, నేను పక్కనే ఉండగా, "మా అత్తయ్యకి చూపు ఆనడం లేదండీ, ఏమీ అనుకోకండి" అంది. ముప్పై ఏళ్ళుగా ఈ లాండ్రీ నడుపుతున్నదాన్ని! నిన్నగాక మొన్న వచ్చింది, నా కళ్ళకు వంకలు పెడుతుందా?

మా దగ్గర తుప్పు మరకలకు వాడే తెల్ల పొడి ఒకటుంది. డబ్బా మీద సోడియం బైఫ్లోరైడ్ అని ఉంటుంది, మేం తుప్పు మందు అంటాం. ఏ సబ్బుకూ లొంగని మరక ఆ నీళ్ళు తగిలితే నిమిషంలో మాయం. చూడ్డానికి నంగనాచిలా ఉంటుంది గానీ గాజును కూడా తినేస్తుంది. ఒకసారి తెలియక గాజు గ్లాసులో కలిపితే గ్లాసంతా మసకబారింది. అప్పటినుంచి ప్లాస్టిక్ బేసినే. పలచగా కలిపిన నీళ్ళు చేతికి తగిలితే వెంటనే మండదు, అదే దాని మాయదారి బుద్ధి. చర్మం లోపలికి దిగి, ఎముకలో కాల్షియాన్ని పట్టుకున్నాక గానీ సంగతి తెలియదు.

అందుకే మాకో పద్ధతి. కడిగి ఆరేసిన గ్లౌజుల్లోకి పొద్దున్నే నేను నోటితో గాలి ఊది, గ్లౌజు మూతి మెలిపెట్టి, బుగ్గ దగ్గర పెట్టుకుంటాను. సూదిమొనంత చిల్లున్నా గాలి తగులుతుంది. బాగుంటే మేకుకు తగిలిస్తాను. మేకు మీద ఉన్నాయంటే నేను చూశానని అర్థం. కోడలు మారుమాట లేకుండా తొడుక్కుంటుంది.

మాటల్లేని ఆ రెండో రోజు పొద్దున ఊదలేదు. చూపు ఆననిదాని పరీక్ష ఎవరికి కావాలిలే అనుకుని, అలాగే తగిలించేశాను.

పొద్దున ఆ గ్లౌజులతోనే తుప్పు మరకలు తీసిన కోడలు, మధ్యాహ్నం మూడింటికి ఇస్త్రీ బల్ల దగ్గర చేయి విదిలించుకోవడం కనిపించింది.

"ఏమైంది?" అన్నాను, పంతం పక్కనపెట్టి.

"ఏం లేదత్తయ్యా. వేలి లోపల సలుపుతోంది. పైకేమీ లేదు."

చూపుడు వేలి కొస పాలిపోయి ఉంది. పరుగున వెళ్ళి ఆ గ్లౌజు ఊదాను. వేలి చివర నుంచి సన్నగా గాలి బుగ్గకు తగిలింది.

చేతిని కుళాయి కింద పెట్టించి, తుప్పు మందుకు విరుగుడుగా అలమరలో ఉంచుకున్న కాల్షియం జెల్ ట్యూబు పట్టుకుని, వీధి చివర డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ వేలు చూసి, నా చేతికి అంటకుండా నాకో కొత్త గ్లౌజు ఇచ్చింది.

"జెల్ రుద్దుతూనే ఉండండి. నొప్పి మాత్ర మాత్రం వద్దు, జెల్ పనిచేస్తోందో లేదో ఆ నొప్పే చెప్పాలి. ఆరింటికీ తగ్గకపోతే వేలిలోకి ఇంజెక్షన్ ఇస్తాను. ఎముక దాకా పోయిందంటే వేలి కొస దక్కడం కష్టం."

బెంచీ మీద కూర్చుని రుద్దడం మొదలుపెట్టాను. నాలుగైంది. ఐదైంది. కోడలు పళ్ళ బిగువున కూర్చుంది.

"సరైన వేలికే పూస్తున్నానా? అసలే చూపు ఆనదు" అన్నాను, కాస్త నవ్విద్దామని. నవ్వబోయి మూలిగింది.

ఐదున్నరకి ఇక ఆగలేకపోయాను. "అమ్మాయ్, తప్పు నాదే. పొద్దున నేను గ్లౌజులు ఊదలేదు."

"తెలుసత్తయ్యా."

నా చెయ్యి ఆగిపోయింది.

"రోజూ తొడుక్కుంటే లోపల మీ ఊపిరి తడి తగులుతుంది. ఇవాళ పొడిగా ఉన్నాయి. ఊదారా అని అడగాలంటే ముందు నేను మాట్లాడాలి కదా. నేనెందుకు మాట్లాడాలి అనుకున్నా."

తిట్టాలో ఏడవాలో తెలియలేదు. "దొందూ దొందే" అని మళ్ళీ రుద్దాను. గోడ గడియారం వైపు చూడాలంటేనే భయమేసింది.

డాక్టరమ్మ లోపల సిరంజి సిద్ధం చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. అప్పుడు కోడలు కళ్ళు తెరిచింది.

"అత్తయ్యా, సలుపు తగ్గింది. మీరు గట్టిగా నొక్కుతున్నారు, ఇప్పుడు అదే తెలుస్తోంది."

నొక్కడం తగ్గించాను గానీ వేలు మాత్రం వదల్లేదు. దాని భుజం మీద తలపెట్టి భోరున ఏడ్చేశాను.