ఎడమ కాలికి పని

ఇటలీ అనే దేశం ఒకటుందని ఏసోబుకి తెలుసు గానీ, అది వచ్చి వచ్చి తన గదిలోనే, తన మంచం ఎదురుగానే కాపురం పెడుతుందని మాత్రం అనుకోలేదు.

గల్ఫ్‌లో ముఐథర్ అనే చోట, యజమాని బాబా గారి విల్లా గేటు పక్కన ఉంటుంది ఆ గది. రెండు మంచాలు, ఒక ఏసీ, మూలన గ్యాసు పొయ్యి. ఒక మంచం ఏసోబుది. పదిహేడేళ్ళ నుంచీ దాని మీదే పడుకుంటున్నాడు, నడుం పడే చోట పరుపు గుంట కూడా పడింది. రెండో మంచం షఫీది. వాడు ఈ ఇంటికొచ్చి మూడేళ్ళు. ఇద్దరూ ఆ ఇంటి డ్రైవర్లే. ఏసోబుది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె, షఫీది రాయచోటి. ఒకడికి యాభై దగ్గర పడుతోంది, ఇంకొకడికి ముప్ఫై దాటలేదు.

ఆ షఫీ తెల్ల చార్టు కాయితం తెచ్చి, ఏసోబు చర్చి క్యాలెండరు పక్కనే గోడకి అంటించాడు. దాని మీద నీలం పెన్నుతో ఒక గీత, గీత మీద ఊళ్ళ పేర్లు. నేపుల్స్, సలెర్నో, మతేరా, అల్బెరొబెల్లో, లెచ్చె. ఒక్కో ఊరి కింద ఎన్ని రాత్రులో అంకె.

"ఈ ఊరు జూడన్నా," అన్నాడు షఫీ ఫోను ముందుకు తోసి. "మతేరా అంట. కొండలో ఇండ్లు తొలుచుకున్నారు. రెండు రాత్రులు ఈడ్నే."

"మా ఊళ్ళో ఎలకలూ తొలుచుకుంటాయిరా ఇళ్ళు. చూడ్డానికి ఇమానం ఎక్కి ఎవడూ రాడు."

షఫీ విరగబడి నవ్వాడు. వాడు కోపగించుకుంటే బాగుండేది. ఏ మాట విసిరినా నవ్వుతాడు, అదీ ఏసోబుకి మంట.

సంగతేమిటంటే, ఆగస్టులో బాబా కుటుంబం పదిహేను రోజులు ఇటలీ దక్షిణం వైపు వెళ్తోంది. బాబా, మేడమ్, ముగ్గురు పిల్లలు, బాబా తల్లి. ఆ ముసలావిడని ఇంట్లో అందరూ యమ్మా అంటారు. అక్కడ తొమ్మిది సీట్ల బండి ఒకటి అద్దెకు తీసుకుని, రోజుకి రెండు గంటలకు మించి నడపకుండా, నచ్చిన చోట ఆగుతూ తిరగాలని మేడమ్ కోరిక. "షువయ్ షువయ్," అంది చేతిని గాలిలో అలలా ఊపుతూ. నెమ్మదిగా, నెమ్మదిగా అని. పదిహేడేళ్ళలో ఆ మాట ఆవిడ నోట ఏసోబు ఒక్కసారి కూడా వినలేదు. స్కూలుకి ఆలస్యం, పెళ్ళికి ఆలస్యం, "యల్లా ఏసోబు, యల్లా!" త్వరగా, త్వరగా అని. ఇదే తను విన్న పాట. నెమ్మది అంతా ఇటలీ కోసం దాచిపెట్టుకుందన్న మాట.

అక్కడి ఇరుకు దారులంటే మేడమ్‌కి భయం. అందుకని ఈసారి ఇక్కడి నుంచే ఒక డ్రైవరుని తీసుకెళ్దామన్నారు. ఆ మాట వంటమనిషి జకియా చెవిన పడి, గేటు దాకా వచ్చింది. ఆ రోజే ఏసోబు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. మేడమ్‌కి పెద్ద పిల్లాడి కాన్పు నొప్పులు వచ్చిన రోజు బండి నడిపింది ఎవరు? ఫోన్లో మ్యాపులు లేని రోజుల్లో ఎడారి అవతల దుఖాన్ దాకా దారి కనుక్కుంటూ వెళ్ళింది ఎవరు? ఇంకెవర్ని పిలుస్తారు?

అంతటితో ఊరుకోలేదు. ఇంటికి ఫోన్ చేసి భార్య విజయరాణితో అనేశాడు. "ఇటలీ తీసుకెళ్తారంట నన్ను."

"ఇటలీయా! పౌలు గారు ఓడ దిగిన దేశమండీ అది!" అంది ఆవిడ. మర్నాటికి పేటంతా తెలిసింది. ఆదివారం గుళ్ళో పాస్టరు గారు ప్రయాణం కోసం ప్రార్థన కూడా చేశారట.

ఆ ప్రార్థన జరిగిన మూడో రోజున బాబా షఫీని మజ్లిస్ గదిలోకి పిలిచి, ఇటలీకి నువ్వే అన్నాడు.

వాడికి ఇంగ్లీషు చదవడం వచ్చు, ఫోన్లో దారి పెట్టడం వచ్చు, హోటలు వాళ్ళతో మాట్లాడ్డం వచ్చు. అదీ లెక్క. ఏసోబు చదువు అయిదో తరగతితో కొబ్బరి తోటల పాలైంది. దారి అడుక్కుంటూ వెళ్ళేవాడి కంటే ఫోను అడిగేవాడే గొప్పవాడయ్యాడు. భార్యకి ఆ సంగతి చెబుదామని మూడుసార్లు ఫోను తీసి, మూడుసార్లు జేబులో పెట్టుకున్నాడు.

జూన్‌లో ఒక సాయంత్రం షఫీ మంచం మీద బోర్లా పడుకుని బండి బుక్ చేస్తున్నాడు. బాబా కార్డు నంబరు ఇచ్చాడు. "నేను నీళ్ళు పోసుకోనొస్తా, జూసుకో అన్నా, బువ్వ అడుగంటుతాది," అని ఫోను మంచం మీద పెట్టి వెళ్ళాడు. ఏసోబు అన్నం దించి, వద్దనుకుంటూనే ఫోను వైపు వంగాడు.

తెల్ల వ్యాను బొమ్మ. పక్కన సీట్ల గుర్తు, పెట్టెల గుర్తు, వాటి కింద గేరు కర్ర గుర్తు. ఆ గుర్తు పక్కన ఒక మాట. మొదటి అక్షరం A కాదు, M. కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. మాన్యువల్.

గేరు బండి!

గల్ఫ్‌లో బండి అంటేనే ఆటోమేటిక్. గేరు ఉందా అని ఎవడూ అడగడు, అన్నానికి ఉప్పు వేశారా అని అడగనట్టే. షఫీ ఎనిమిదేళ్ళ కిందట గల్ఫ్‌కి వచ్చిన కొత్తలో డ్రైవింగ్ స్కూల్లో గేరు బండి మీదే పాసయ్యాడు గానీ, ఆ తర్వాత వాడి ఎడమ కాలికి పని లేదు. లైసెన్సులో గేరు ఉంది, కాలిలో లేదు. ఏసోబు సంగతి అలా కాదు. ఇక్కడికి రాకముందు పన్నెండేళ్ళు వ్యాను నిండా కొబ్బరికాయలు వేసుకుని మారేడుమిల్లి ఘాటు ఎక్కీ దిగీ అరిగిపోయినవాడు.

తలుపు చప్పుడైంది. తల తుడుచుకుంటూ వచ్చాడు షఫీ. "ఏందన్నా, జూస్తాండావు?"

"ఏముంది చూడ్డానికి? తెల్ల బండి. శవాన్ని తీసుకెళ్ళే బండిలా ఉంది."

షఫీ నవ్వుతూనే బటను నొక్కేశాడు.

ఆ రాత్రి నుంచి ఏసోబు కడుపులో ఏదో చల్లగా ఉంది. షఫీ కొత్త బూట్లు కొన్నా, వీసాకి ఫోటో దిగొచ్చినా, గోడ మీద గీతకి ఇంకో ఊరు కలిపినా మునుపటిలా మండలేదు. నేపుల్స్ ఎయిర్‌పోర్టు బయట, ఎండలో, మేడమ్ ముందు వాడు మూడు పెడల్స్ చూసి గుడ్లు తేలేసే బొమ్మని, బెల్లం ముక్కలా బుగ్గన పెట్టుకుని చప్పరించాడు. 'నా నోటితో నేనేం చెడగొట్టలేదు కదా,' అనుకున్నాడు. 'నోరు మూసుకోవడం కూడా తప్పేనా?'

ప్రయాణం ఇంకా పన్నెండు రోజులుందనగా బెల్లం చేదెక్కింది.

బండి కంపెనీ వాళ్ళు పంపిన కాయితం బాబా తీరిగ్గా చదివాడు. ఇద్దర్నీ వాకిట్లోకి పిలిచాడు. షఫీని అడిగాడు గేరు వచ్చా అని. వాడి మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. ఆటోమేటిక్ కోసం వెతికితే ఆగస్టులో తొమ్మిది సీట్లది ఎక్కడా లేదు. బాబాకీ గేరు రాదు. అప్పుడు ఆయన ఏసోబు వైపు తిరిగాడు.

"ఇన్తా గేర్ మాలూమ్?" నీకొచ్చా గేరు అని.

"మాలూమ్, బాబా. బారా సాల్ చలాయా."

బాబా చేతిలోని కాయితం మడిచాడు. "లేష్ మా కలామ్ అవ్వల్?" అన్నాడు తర్వాత. ముందే ఎందుకు చెప్పలేదు అని. నెల కిందట చెప్పి ఉంటే నీ పాస్‌పోర్టే ఇచ్చేవాణ్ణి వీసాకి, గేరు తెలిసినవాడే కదా కావలసింది, ఇప్పుడు పన్నెండు రోజుల్లో వీసా ఎక్కడొస్తుంది, అని వచ్చిన హిందీలో చెప్పి చేతులు దులుపుకున్నాడు. "షఫీకి నేర్పు. రోజూ."

ఏసోబు అక్కడే నిలబడిపోయాడు. జూన్‌లో ఒక్క మాట. 'ఒరేయ్, ఇది గేరు బండిరా' అని ఒక్కటంటే ఒక్క మాట పైకి అని ఉంటే, గోడ మీది గీత తనదయ్యేది. వాడి కాళ్ళ కింద తీసిన గోతిలో తనే పడుకున్నాడు. పైగా ఇప్పుడు ఆ గోతిలోంచే చెయ్యి పైకి చాపి వాడికి గేర్లు నేర్పాలి.

నేర్చుకోవడానికి బండి జయంత్ ఇచ్చాడు. నిర్మల్ వైపు మనిషి, ఏషియన్ టౌన్ దగ్గర మంచినీళ్ళ కంపెనీలో పని, వాళ్ళ సేటుకి ఒక పాత గేరు పికప్ ఉంది. "తీస్కపోండ్రి అన్నా, డ్యూటీ ఏడింటికి. గా లోపల తెచ్చియ్యాలె. గేర్‌బాక్స్ ఇరగ్గొడితే మా సేటు నన్ను ఇరగ్గొడ్తడు," అన్నాడు తాళాలిస్తూ.

రోజూ తెల్లారగట్ల, అక్కడి ఖాళీ మైదానంలో పాఠం.

"క్లచ్చి అలా ఒదిలేస్తావేంట్రా, అత్తారింటి నుంచి పారిపోతున్నట్టు! మెల్లిగా. మీ మేడమ్ చెప్పింది కదా, షువయ్ షువయ్."

"ఒదల్తాండా కదన్నా."

బండి మేకపిల్లలా నాలుగు గంతులేసి ఆగిపోయింది.

"దిగు. దిగి దండం పెట్టుకో దానికి."

తిట్టాడు, వెక్కిరించాడు, తొడ మీద ఒకటిచ్చాడు కూడా. కానీ నేర్పాడు. నేర్పడం మొదలుపెట్టాక తప్పుగా నేర్పడం చేతకాలేదు అతనికి. వారం తిరిగేసరికి షఫీ గేర్లు సాఫీగా మారుస్తున్నాడు.

ఒక్కటి మాత్రం దాచుకున్నాడు ఏసోబు.

"అన్నా, ఆడ అంతా కొండలే గదా," అన్నాడు షఫీ ఒక పొద్దున. "ఎక్కేటప్పుడు మధ్యలో ఆగాల్సొస్తే? ఎనక్కి జారదా?"

"ఇక్కడ కొండ ఎక్కడుందిరా నేర్పడానికి? అరచెయ్యి లాంటి దేశం. అక్కడికెళ్ళాక నువ్వే చూసుకుందువుగాన్లే."

షఫీ అతని వైపు ఒక క్షణం చూశాడు. ఈసారి నవ్వలేదు.

ఆ సాయంత్రం యమ్మాని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు ఏసోబు. ఎప్పటిలా తనే చెయ్యి పట్టుకుని బండిలో కూర్చోబెట్టి, నల్లటి అబాయా అంచు తలుపులో పడకుండా లోపలికి సర్దాడు. ముసలావిడ దారిలో అడిగింది, "ఏసోబు, షఫీ జైన్?" షఫీ మంచివాడేనా, బండి బాగా నడుపుతాడా అని. ఆవిడ కొండలు చూసి ఎన్నాళ్ళయిందో, చూసిందో లేదో కూడా. అద్దంలో ఆవిడ కళ్ళు తన జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి.

"జైన్, యమ్మా," అన్నాడు ఏసోబు.

అని, పళ్ళు కొరుక్కున్నాడు. ఇప్పుడు పూచీ తనదైపోయింది.

శుక్రవారం పొద్దున్నే మాల్స్ తెరవరు. మాల్ పార్కింగుకి ఎక్కే ఏటవాలు దారి ఖాళీగా ఉంటుంది. దానికి సగంలో పికప్ ఆపించి, షఫీని పక్కకి జరిపి తను కూర్చున్నాడు.

"చూడు. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగు. బొత్తాం మీద రెండు వేళ్ళే, గుప్పెడు కాదు. క్లచ్చి వదులుతా ఉండు. ముక్కు కొంచెం పైకి లేస్తాది చూడు, పడవ ముక్కులాగా... అదిగో. అప్పుడు, అప్పుడు మాత్రమే వేళ్ళు వదలాలి. ఇంజను నిన్ను పట్టుకుంటాది."

బండి అంగుళం జారలేదు.

షఫీ ఇరవైసార్లు చేశాడు. ఇరవై ఒకటోసారి ఇంజను ఆపి, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "అన్నా, ఆ పొద్దు నేను నీళ్ళు పోసుకోనొస్తాంటే, నువ్వు ఫోన్లో గేరు సంగతి జూసినావు గదా?"

ఏసోబు గడ్డం గోక్కున్నాడు. "చూశాను."

"సెప్పింటే నువ్వే పోయేటోడివి."

"తెలుసులేరా. ఇంకోసారి స్టార్ట్ చెయ్యి."

వాళ్ళు వెళ్ళారు. ఏసోబు ఎయిర్‌పోర్టులో పెట్టెలు దించి వచ్చాడు. ఎప్పటిలానే ఖర్జూరం చెట్లకి నీళ్ళు, పిల్లికి తిండి, బ్యాటరీలు పడుకోకుండా రోజు విడిచి రోజు మూడు బండ్లూ కాసేపు స్టార్ట్ చేయడం.

ఆరో రోజున పెద్ద ల్యాండ్ క్రూజర్లో కూర్చుని ఇంజను నడుపుతుంటే వీడియో కాల్ వచ్చింది. ఫోను పట్టుకున్నది బాబా పెద్ద కొడుకు ఖాసీం, వెనక సీట్లోంచి. నిట్టనిలువు వీధి. రెండు వైపులా తేనెరంగు రాతి గోడలు. ముందు చెత్త బండి ఏదో దారికడ్డంగా ఆగింది. వెనక ఎవరో హారను కొడుతున్నారు. యమ్మా తస్బీహ్ జపమాల పూసలు గబగబా తిప్పుతోంది.

షఫీ చెయ్యి కనిపించింది. హ్యాండ్‌బ్రేకు బొత్తాం మీద రెండు వేళ్ళు. చెత్త బండి కదిలింది. వ్యాను ముక్కు పడవలా కాస్త లేచింది. వేళ్ళు వదిలాయి. అంగుళం జారకుండా పైకి పోయింది బండి.

ముఐథర్‌లో ఏసోబు ఎడమ కాలు పెడలే లేని చోట చాపని నొక్కిపెట్టి ఉంది. చూసుకుని తీసేశాడు.

"అన్నా! జూసినావా?" షఫీ అరిచాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

"చూశాన్లే. రెండో గేరుకి తొందరపడ్డావు," అని ఫోను పెట్టేశాడు. వాడి మీద కోపం పోలేదు. ఆ రెండు వేళ్ళ మీద కూడా వచ్చింది. తన వేళ్ళే అవి, తనని ఇక్కడ వదిలేసి ఎంచక్కా వెళ్ళిపోయాయి.

గదిలోకి వచ్చి నీళ్ళు తాగుతుండగా మళ్ళీ మోగింది. విజయరాణి.

"ఏవండీ, రోజూ ఎత్తరేం? పాస్టరు గారు అడుగుతున్నారు. ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారు?"

ఏసోబు గ్లాసు కింద పెట్టాడు. గోడ మీద నీలం గీత వెంట వేలు జరుపుకుంటూ, కింద వేసిన అంకెలు కూడుకుంటూ వెళ్ళి, ఆరో రోజు దగ్గర ఆపాడు.

"మతేరా," అన్నాడు. "కొండలో తొలిచిన ఇళ్ళే. రెండు రాత్రులు ఇక్కడే ఉంటాం."

"అమ్మో, కొండలా! దారులు బాగుంటాయా? బండి ఎవరు నడుపుతున్నారు, మీరేనా?"

బయట ఆపడం మరిచిపోయిన ల్యాండ్ క్రూజర్ ఇంజను గుయ్‌మంటోంది.

"నేను కాక," అన్నాడు ఏసోబు, "ఈ ఎత్తు ఎక్కించేవాడు ఇంకెవడున్నాడే?"