చల్లని గదిలో మొదటి నమూనా

"మన తెలివిని ఊరందరికీ పంచిపెట్టడానికి మనమేమైనా సత్రం నడుపుతున్నామా మాస్టారూ?" అన్నాడు యజమాని, పరీక్షా పత్రాలను నా ముందుకు తోస్తూ.

నాకు ఒళ్లు మండింది. మా సంస్థ తయారుచేసేది రక్తంలో పొటాషియాన్ని కొలిచే చిన్న యంత్రం. దానిని నడిపే ప్రోగ్రాము మాలో ఎవరూ రాసినది కాదు. ఎక్కడెక్కడి వారో రాసి, ఎవరైనా చదువుకోవచ్చు, వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు అని బహిరంగంగా ఉంచిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. దానిని తెచ్చుకోబట్టే మూడేళ్ల పని ఆరు నెలల్లో ముగిసింది. మా ప్రోగ్రామరైన నా మేనకోడలు దానిని పంక్తి పంక్తీ చదివి తన విద్యకు పదును పెట్టుకుంది. పెట్టె మీద మాత్రం "సంపూర్ణంగా మా సృష్టి" అని అచ్చు వేయించాడు ఈ మహానుభావుడు.

ఉద్యోగ విరమణ తరువాత, యంత్రాల కచ్చితత్వాన్ని పరీక్షించి సంతకం చేసే పనికి నేను అక్కడ కుదిరాను. గది ఉష్ణోగ్రత పద్దెనిమిది డిగ్రీల కంటే తగ్గితే ఆ ప్రోగ్రాము పొటాషియాన్ని తక్కువ చేసి చూపుతోందని గమనించాను. మేనకోడలు రెండు రోజుల్లో దిద్దింది. ఆ సవరణను అసలు రచయితలకు పంపుదామంటే యజమాని ససేమిరా అన్నాడు.

"అదే ప్రోగ్రాముతో నడిచే పక్కవాళ్ల యంత్రం తప్పు చెబుతుంది, మనది ఒప్పు చెబుతుంది. అమ్మకాలకి ఇంతకంటే ఏం కావాలి? చేసిన మార్పులు తిరిగి ఇమ్మని ఆ ప్రోగ్రాము లైసెన్సు కూడా అడగట్లేదు."

"అవతల మంచం మీద ఉండేది మనిషి సార్," అంది మేనకోడలు. "పొటాషియం ఎక్కువై గుండె ఆగబోతున్నా ఆ యంత్రం అంతా బాగుందంటుంది."

"కాస్త ఆవేశం తగ్గించుకోమ్మా. మేనమామ పోలిక బాగానే వచ్చింది!"

తెలిసిన తప్పును సరుకులా దాచుకోవడాన్ని వ్యాపారం అనడానికి నాకు నోరు రాలేదు. కలానికి మూత పెట్టేశాను.

"అయితే ఇకమీదట సంతకాలు కూడా మీరే పెట్టుకోండి."

నా సంతకం లేనిదే యంత్రం గుమ్మం దాటదు. అతను పళ్లు కొరుకుతూ, "పంపి చావండి," అన్నాడు.

పంపాము. వాళ్లు దానిని అందరికీ కనబడేలా ఉంచారు. నాలుగో రోజున, అదే ప్రోగ్రాము వాడే ఏదో కొండ ప్రాంతపు ఆసుపత్రిలోని లాబ్ టెక్నీషియన్ నుంచి జవాబు వచ్చింది. "మీ సవరణకు కృతజ్ఞతలు. అయితే చల్లని గదిలో, యంత్రం ఆన్ చేయగానే పెట్టే మొదటి రక్త నమూనాకు అది పనిచేయడం లేదు. నా దిద్దుబాటు జతచేశాను. దయచేసి సరిచూడండి."

"అసాధ్యం," అన్నాను. "రెండు వందల సార్లు చూశాను."

"ఎలా చూశావు మామయ్యా?"

"ఎలా ఏమిటి? యంత్రాన్ని అరగంట వేడెక్కనిచ్చి..."

నలభై ఏళ్ల ప్రయోగశాల క్రమశిక్షణ అది. ప్రాణం మీదికి వచ్చిన రోగి దగ్గర అరగంట ఎవరు ఆగుతారు?

చల్లబరచిన గదిలో యంత్రాన్ని ఆన్ చేసి, విలువ ముందే తెలిసిన ద్రావణాన్ని వెంటనే పెట్టాము. గుండెకు ప్రమాదమని చెప్పే 6.8 చూపవలసిన చోట, అంతా మామూలే అనిపించే 4.9 చూపింది. టెక్నీషియన్ పంపిన ఏడు పంక్తులు చేర్చి, యంత్రాన్ని పూర్తిగా చల్లార్చి మళ్లీ పెట్టాము. 6.8.

సవరణను బయటికి పంపకముందే, నా సంతకంతో వెళ్లిన తొలి పదకొండు యంత్రాలు ఆసుపత్రులకు చేరి అప్పటికే మూడు వారాలైంది.

"చూశారా?" అన్నాడు యజమాని, పాలిపోయిన ముఖంతో. "బయటపెట్టకపోతే ఈ గొడవే ఉండేది కాదు!"

"ఉండేది సార్. మనకి తెలిసేది కాదు, అంతే," అంది మేనకోడలు.

"సరే, గప్‌చుప్‌గా తర్వాతి వెర్షన్‌లో సర్దేయండి. ఎవరికీ చెప్పక్కర్లేదు."

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అందులో సగం నా మీదేనని ఒప్పుకోవాలి. మా జీతం తినని, ముఖమైనా తెలియని ఒక మనిషి నాలుగు రోజుల్లో పట్టుకున్న తప్పును నేను ధ్రువీకరించి పంపాను. మా సవరణను అలాంటి మనిషి కంట పడనీయకుండా దాచాలని చూసిన యజమాని, ఇప్పుడు మరొకసారి దాచమంటున్నాడు.

ఆసుపత్రుల జాబితా తీసి మొదటి నంబరుకు ఫోన్ చేశాను. యజమాని ఫోన్ లాక్కోవడానికి చెయ్యి చాచాడు. మేనకోడలు మా ఇద్దరి మధ్యా నిలబడింది.

"మీ యంత్రం చల్లని గదిలో మొదటి నమూనాను తప్పుగా చూపుతుందమ్మా. దాన్ని పరీక్షించి సంతకం చేసింది నేనే. దిద్దుబాటు ఇప్పుడే పంపిస్తాం, అంతవరకూ వాడకండి."

"ఎన్నాళ్ల నుంచి?" అంది అవతలి గొంతు.

"మూడు వారాల నుంచి."

"ఒక్క నిమిషం ఉండండి," అంది. రోగుల రిజిస్టరు పుటలు వెనక్కి తిప్పుతున్న చప్పుడు వినిపించింది.