విరిచేశావ్ నాన్నా

"నా పాటల్లో ఒక్క అబద్ధం దొరికినా సరే, నా నాలుక కోసి గిటార్‌కి ఏడో తీగగా కట్టుకోండి!" అని రంపం రేడియోలో సవాలు విసిరింది.

అప్పటికి ఆమె పాటల్లో ఉన్న అబద్ధాలు ఒక లారీలో పట్టవు. "రోడ్డే నా పరుపు, వానే నా దుప్పటి" అని ఏ పాటలో గొంతు చించుకుందో, ఆ పాట రాసిన రోజుల్లో ఆమె మేనత్త ఇంట్లో ఫ్యాను కింద, రెండు దిండ్లు పెట్టుకుని పడుకునేది. రెండో దిండు మెత్తగా లేదని అలిగేది కూడా. "ఆకలే నాకు అక్క" అన్న పాట రాస్తున్నంతసేపూ మేనత్త కంచం పట్టుకుని పక్కనే నిలబడి, "చల్లారిపోతోందే, ముందు తిని ఏడు" అని ప్రాణం తీసింది.

రంపం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పై వాటాలో ఉండే టీచరమ్మ ఓ రోజు కిందికి దిగి వచ్చి, "మీ ఇంట్లో వడ్రంగి పని ఇంకెన్నాళ్ళు సాగుతుందండీ?" అని మర్యాదగానే అడిగింది. ఇంట్లో వడ్రంగి లేడు. అమ్మాయి పాట సాధన చేస్తోంది. ఆ రోజు నుంచీ అసలు పేరు రేషన్ కార్డుకే పరిమితమైపోయింది.

ఆమె పాడేది పాప్ పంక్. గిటార్ మీద మూడంటే మూడే స్వరాల గుత్తులు, కుక్క తరిమినట్టు పరుగెత్తే డ్రమ్ములు, మాటలన్నీ తిట్లూ ఏడుపులూ, వినేవాళ్ళు మాత్రం గంతులెయ్యాలి. ఆమె వెనక డ్రమ్ములు వాయించేది మేనత్త కొడుకు, వరసకి బావ. బేస్ గిటార్ వాయించేవాణ్ణి మౌని అనేవారు. బ్యాండు పెట్టినప్పట్నుంచీ అతను నోరు విప్పింది ఒక్కసారే, అదీ కరెంటు షాకు కొట్టినప్పుడు. ముగ్గురూ కలిసి మొదటి కచేరీ ఓ చెప్పుల కొట్టు ప్రారంభోత్సవంలో చేశారు. రెండో పాటకల్లా కొట్టు యజమాని రెండు చెవులకీ రెండు చెప్పులు అడ్డం పెట్టుకున్నాడు. అవి ఒక జత కూడా కావు.

రంపానికి కోపం వస్తే తప్ప పాట రాదు. అందుకని కోపం తెప్పించే డ్యూటీ బావది. "ఏమే, నీ కొత్త పాట లిఫ్టులో వేసుకునేలా ఉంది, నిద్ర పట్టేసింది" అనేవాడు. అంతే, అగ్గి మీద గుగ్గిలం. సాయంత్రానికి పాట తయారు. ఇలా బావ నోటి దురుసు మీద రెండు ఆల్బమ్‌లు వచ్చాయి.

కానీ ఆమెని పెద్ద హాళ్ళకి ఎక్కించిన పాటకి బావ అక్కర్లేకపోయింది. ఆ పాట పేరు "విరిచేశావ్ నాన్నా."

కూతురి సంగీతం గిట్టని తండ్రి ఆమె గిటార్ మీదుగా కారు నడిపించి ముక్కలు చేశాడన్నది అందులో కథ. చరణం వచ్చేసరికి హాలంతా కుడికాలు నేలకేసి కొడుతూ "విరిచేశావ్! విరిచేశావ్!" అని అరిచేది. ఆ దెబ్బకి పక్క వీధిలో గోడలకున్న మేకులు వాటంతటవే ఊడి వచ్చేవి.

ఆ తండ్రి ఎక్కడో లేడు, ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. కారులో ఆయన వైపు కూడా ఓ బ్రేకు ఉండేది. కారు కదలాలంటే ముందు ఆయన అడగాలి, నేర్చుకునేవాళ్ళు వీధంతా వినిపించేలా జవాబు చెప్పాలి.

"సీటు?"

"సరిచేశాను మాస్టారూ!"

"బెల్టు?"

"పెట్టుకున్నాను మాస్టారూ!"

"అద్దం చూశావా?"

"చూశాను మాస్టారూ!"

చూడకుండా చూశానంటే కారు దిగి ఇంటికి నడిచి పోవలసిందే. ఆయన దగ్గర నేర్చుకున్న ఒకావిడ ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉండగా నర్సు ఎవరితోనో "బెల్టు" అందిట. "పెట్టుకున్నాను మాస్టారూ!" అని ఆవిడ లేచి కూర్చుందిట. సొంత కూతురికీ ఆయన అలాగే నేర్పాడు. ఇంట్లో నాన్న, కారులో మాస్టారు.

ఇక గిటార్ సంగతి. ఆ రోజు మధ్యాహ్నం పాఠం మధ్యలో తండ్రీకూతుళ్ళకి మాటా మాటా పెరిగింది. రంపం విసురుగా దిగి, వెనక సీట్లోని గిటార్ తీసి కారు వెనకే నిలబెట్టింది, నడిచి వెళ్ళిపోదామని. అంతలో తిట్టాల్సిన తిట్టు ఇంకోటి గుర్తొచ్చింది. మళ్ళీ ఎక్కి, అది తిట్టేసి, ఆ ఊపులో గిటార్ సంగతి మర్చిపోయి రివర్స్ గేరు వేసింది. సీటూ లేదు, బెల్టూ లేదు, అద్దం అసలే లేదు. మాస్టారు ఠక్కున తన బ్రేకు వేశాడు. చక్రం సరిగ్గా గిటార్ నడుం మీదికెక్కి ఆగింది. దాన్ని దించడానికి కారు ముందుకి తీస్తే మిగిలిన సగమూ పోయింది.

"నువ్వు బ్రేకెయ్యబట్టే విరిగింది!" అని అరిచింది రంపం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ రాత్రే పాట రాసింది. అందులో డ్రైవరు సీట్లోకి నాన్నని జరిపింది. రాగానికి అలాగే కుదిరిందిట.

పాట ఊళ్ళు దాటింది. డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు స్టీరింగ్ వదిలేసి, "మాస్టారూ, ఆ చక్రం ఇదేనా?" అని దాని పక్కన కూర్చుని ఫొటోలు దిగారు. తల్లులు పిల్లల్ని మాన్పించేశారు. ఎవరో కారు అద్దం మీద "హంతకుడు" అని రాసి, కింద గిటార్ బొమ్మ కూడా వేశారు.

పెద్ద హాల్లో కచేరీ ఉన్న రోజు పొద్దున్నే తల్లి ఫోన్ చేసింది.

"మీ నాన్న స్కూలు బోర్డు దించేస్తున్నారే."

"ఎందుకూ?"

"ఎందుకా! కారెక్కేవాడు లేక. ఇవాళ స్టేజీ మీద ఒక్క మాట చెప్పవే తల్లీ, బండి నడిపింది నేనేనని."

"చెబితే నా పని అయిపోతుందమ్మా! నేను నిజం పాడతాననే కదా జనం వస్తోంది. నా కోపమే అబద్ధమని తెలిస్తే నా మొహం ఎవడు చూస్తాడు?"

"ఆయన మొహం ఇప్పటికే ఎవడూ చూడట్లేదు" అని తల్లి ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం హాల్లో మైకులు సరిచూసుకుంటుంటే, మాస్టారు స్కూలు బోర్డు చంకలో పెట్టుకుని మేకప్ గదిలోకి వచ్చేశాడు. బావ లేచి కుర్చీ వేశాడు. మాస్టారు కూర్చోలేదు, బోర్డుని కూర్చోబెట్టాడు.

"ఏమే, ఎవరు విరిచారే?"

"మళ్ళీ మొదలెట్టావా నాన్నా?"

"నేనా మొదలెట్టింది? పాట కట్టి ఊరూరా చాటింపు వేసింది నువ్వు! కిరాణా కొట్టువాడు నాకు చిల్లర చేతికివ్వడు, బల్ల మీద పెడతాడు. వాడు తన కూతురికి గిటార్ కొనకముందే నేను విరిచేస్తానట!"

"నన్ను పాడొద్దని నువ్వు అన్లేదా?"

"వంటింట్లో పాడొద్దన్నాను! పాలు విరిగిపోతున్నాయని మీ అమ్మ అంటే అన్నాను!"

"మామయ్యా, పాలు నిజంగానే..." అని బావ అందుకున్నాడు.

"నువ్ నోర్ముయ్!" అని తండ్రీకూతుళ్ళు ఒకే గొంతుతో అరిచారు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ శ్రుతి కలిసింది.

"అందరూ పొగిడే కూతురు ఉంది కదా, సంతోషించొచ్చుగా!" అంది రంపం.

మాస్టారి మెడ నరాలు ఉబ్బాయి. "సంతోషిస్తాను. నీ నోటితో నా నెత్తిన వేసిన మట్టి నీ నోటితోనే తియ్యి, అప్పుడు సంతోషిస్తాను. తియ్యవూ? సరే. ముందు వరసలో కూర్చుంటా. నా కళ్ళల్లోకి చూస్తూ పాడు. అంత దమ్ముంటే పాడు!"

"పాడతా! నాకేం భయమా?"

"ఈ బోర్డు ఇక్కడే ఉంచు. స్టేజీ మీద విరగ్గొట్టుకో, దీన్నీ నేనే విరిచానని ఇంకో పాట కట్టుకో!" అని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. గోడ మీది గడియారం భయపడి ఆగిపోయింది.

కచేరీ మొదలైంది. రంపం ఒళ్ళంతా మండుతూ పాడింది. ఆ మంటకి జనానికి పూనకాలొచ్చాయి. ముందు వరసలో మాస్టారు చేతులు కట్టుకుని, రెప్ప వెయ్యకుండా కూర్చున్నాడు. ఆఖరికి "విరిచేశావ్ నాన్నా" అందుకుంది. చుట్టూ జనం కుడికాళ్ళు నేలకేసి బాదుతున్నారు. మాస్టారి కుడికాలు కూడా తనకి తెలియకుండానే లేని బ్రేకుని నొక్కుతోంది. పక్కనున్న కుర్రాడు దాన్ని చూసి, "శభాష్ అంకుల్! ఆ ముసలాణ్ణి వదలొద్దు!" అని ఆయన భుజం తట్టాడు.

పాటలో ఆఖరి చరణానికి ముందు ఒక విరామం ఉంది. డ్రమ్ములు, గిటార్లు అన్నీ టక్కున ఆగిపోతాయి. హాలంతా ఊపిరి బిగబడుతుంది. రంపం మైకు దగ్గరికి వంగి గుసగుసగా "ఆ రోజు ఆ కారులో..." అనాలి.

అంది.

మాస్టారు లేచి కుర్చీ ఎక్కాడు.

"సీటు?"

వీధి చివరిదాకా వినపడే గొంతు అది. రంపం వీపు దానంతటదే నిటారుగా అయింది.

"సరిచేశాను మాస్టారూ!" అంది మైకులో.

డ్రమ్ముల వెనక బావ చేతిలో పుల్ల జారి పడింది.

"బెల్టు?"

రంపం చెయ్యి భుజం మీది గిటార్ పట్టీని తడిమింది. "పెట్టుకున్నాను మాస్టారూ!"

"అద్దం చూశావా?"

'చూశాను' అన్న మాట పెదాల దాకా వచ్చింది. ఎదురుగా కుర్చీ మీద నాన్న నిలబడి ఉన్నాడు. కుర్చీ ఊగుతోంది. ఆయన పక్కనున్న కుర్రాడు ఒకసారి ఆయన వంకా ఒకసారి ఆమె వంకా చూసి, తట్టిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"చూళ్ళేదు" అంది రంపం.

"వినపడలా!"

"చూళ్ళేదు మాస్టారూ!" రంపం గొంతు చీలిపోయింది. "చూళ్ళేదు! గిటార్ వెనక పెట్టింది నేనే, పెట్టి మర్చిపోయింది నేనే, రివర్స్ వేసింది నేనే! బ్రేకు మాత్రం నువ్వే వేశావ్, అది తప్పు కాదంటే నేను ఛస్తే ఒప్పుకోను... సరే, ఒప్పుకుంటా, నువ్వు వెయ్యకపోతే వెనక గోడ కూడా పోయేది! ఆ గిటార్ కొనిపెట్టింది కూడా నువ్వే! అందుకే నాకింకా మండుతోంది, ఇన్నేళ్ళయినా!"

ఎవ్వరూ కాలు కదపలేదు. మైకు ఆమె ఊపిరిని కూడా వదలకుండా వినిపిస్తోంది.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు మాస్టారు, కుర్చీ దిగకుండానే.

రంపం ముక్కు తుడుచుకుని, తల దించుకుని, మైకులోనే చెప్పింది.

"రోడ్డు మీద కూడా ఎప్పుడూ పడుకోలేదు నాన్నా. అత్తయ్య ఇంట్లో పడుకున్నా. ఫ్యాను కింద. రెండు దిండ్లతో."