తొమ్మిది చోట్లా మంచి మట్టే

కాబర్న్ ఫాల్స్ ఊళ్లో మూతపడ్డ నికెల్ పూత ఫ్యాక్టరీ స్థలంలో తొమ్మిది చోట్ల గొట్టాలు దింపి మట్టి తీశారు. తొమ్మిది చోట్లా మట్టి శుభ్రంగా ఉందని పరీక్షల్లో తేలింది. దాంతో మునిసిపల్ ఆఫీసు చావు జరిగిన ఇంటిలా అయిపోయింది.

పాడైన నేలను బాగుచేసి కట్టడాలు లేపేవాళ్లకు రాష్ట్రం పన్నులో రాయితీ ఇస్తుంది. నేల ఎంత చెడిపోతే అంత రాయితీ. ట్రెవర్ కింబల్ అనే బిల్డరు ఆ రాయితీని నమ్ముకునే అరవై ఫ్లాట్లకు ప్లాను గీయించుకున్నాడు. ఇప్పుడు నేల మంచిదని తేలి అతని కొంప మునిగింది.

అప్పుడు మేయర్ మార్లిన్ స్టాచ్‌కి కాజిమిర్ జెలోంకా గుర్తొచ్చాడు. ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్లు పనిచేసిన మనిషి. కంపెనీవాళ్లు యాసిడ్ నీళ్లు నేలలో పారబోస్తున్నారని ఒకప్పుడు ప్రతి కౌన్సిల్ సమావేశంలోనూ లేచి అరిచేవాడు. అప్పట్లో గుమాస్తాగా ఉన్న మార్లిన్ కొన్నాళ్లకు అతని మాటలు పుస్తకంలో రాయడమే మానేసింది.

శనివారం పొద్దున డోనట్ల పెట్టెతో మేయరూ ట్రెవరూ ఫ్యాక్టరీ పక్కనే ఉన్న అతని ఇంటి వరండా మెట్లెక్కారు.

“కాజ్, నా బంగారం కదూ, ఆ నీళ్లు ఎక్కడ పోసేవాళ్లో కాస్త చూపించవూ?” అంది మేయర్.

“ఏ నీళ్లు? అలాంటివేం లేవని నువ్వే కదా మార్లిన్ నాకు ఉత్తరం రాశావు. ఫ్రేము కట్టించి పెట్టుకున్నా, తెమ్మంటావా?”

“అబ్బ, అప్పుడు రాయితీ లేదు కద కాజ్!”

లోపల్నుంచి అతని భార్య హెడ్విగ్ పకపకా నవ్వింది.

కాజిమిర్ బూట్లు తొడుక్కుని వాళ్లను ఉత్తరపు గోడ వెనక్కి, సరుకు ఎక్కించే అరుగు దగ్గరకు తీసుకెళ్లాడు. సోమవారం అక్కడ తవ్వే యంత్రం దిగింది. పన్నెండు అడుగుల లోతునుంచి పచ్చటి బురద పైకొచ్చింది. మేయర్ చప్పట్లు కొట్టింది. ట్రెవర్ పుట్టిన బిడ్డ మొహం చూసినట్టు చూసి, “ఎంత ముదురు పచ్చో చూడండి!” అంటూ ముసలాయన్ని కౌగిలించుకున్నాడు.

ఆ వాసన తగలగానే కాజిమిర్ గుర్తుపట్టాడు. అన్నేళ్లూ మధ్యాహ్నం తిన్న రొట్టెకు ఆ వాసనే. తన మాట నిజమని తేలే రోజున ఎవరిని ఏం తిట్టాలో గడ్డం గీసుకుంటూ ఎన్నోసార్లు సాధన చేసుకున్నాడు. తీరా ఆ రోజొస్తే అందరూ వీపు తట్టేవాళ్లే. ఎవరి మీద విరుచుకుపడాలో తెలియలేదు.

“ఇక్కడ వాలు మా పెరటివైపే. మరి మా మట్టి సంగతి?” అని మాత్రం అడిగాడు.

“మామూలు ఇళ్లకు రాయితీ వర్తించదండీ. మీరేమైనా ఫ్లాట్లు కడుతున్నారా?” అన్నాడు ట్రెవర్, చాలా మర్యాదగా.

ఇంటికొచ్చి చెబితే హెడ్విగ్ చేతులు తుడుచుకుని ట్రెవర్‌కి ఫోన్ చేసింది.

“చూడు నాయనా, మా పెరడు కూడా నీ స్థలంలో కలిపి రాసుకో. నీ విషం పెరుగుతుంది. కాకపోతే బాగుచేయడం మా పెరటితోనే మొదలెట్టాలి. అయ్యాక మళ్లీ మా పేర రాసివ్వాలి.”

ట్రెవర్ సాయంత్రానికల్లా ఒప్పుకున్నాడు.

జూన్‌లో పెరట్లో ఆరడుగుల లోతున తవ్విన మట్టిని లారీలు మోసుకుపోసాగాయి. కాజిమిర్ వాకిట్లో కుర్చీ వేసుకుని పళ్లు నూరాడు.

“మన పెరట్లో విషానికి పన్ను తగ్గేది వాడికా?”

“వాడికే. మోసుకుపోయేదీ వాడేగా. ఆ కుర్చీ కాస్త పక్కకి జరుపు, లారీ తిరగాలి.”

కాజిమిర్ గొణుక్కుంటూనే జరిపాడు.