అరవై కిలోల మాట

జయరావు ఆ మాట అన్నది పేరయ్యగారి పురుగుమందుల కొట్టు ముందు, నలుగురూ వింటుండగా.

"ఆ మీరావలిని అరవై కిలోలకి దిగి రమ్మనండి. దిగొస్తే కొడతా. లావుతో గెలిచేదైతే మా గేదె కూడా చాంపియనే."

జనం నవ్వారు. పేరయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. పొద్దుగూకేసరికి ఆ మాట మార్టూరు చేరిపోయింది. దారిలో ఒకరిద్దరు తలా కాస్త కారం కూడా చల్లారు.

జయరావు గుంటూరు జిల్లా బాక్సింగ్ చాంపియన్. ప్రత్తిపాడు దగ్గర పల్లెలో పుట్టాడు. తండ్రి మరియదాసు మిరప కల్లాల్లో కూలి. మిలిటరీలో పనిచేసి వచ్చిన జోసఫ్ చర్చి వెనక ఇసుక నింపిన గోనె వేలాడదీసి కుర్రాడికి గుద్దడం నేర్పాడు. అవతల ప్రకాశం జిల్లా చాంపియన్ మీరావలి. మార్టూరు పక్క ఊళ్లో దూదేకుల ఇంటివాడు. తాతముత్తాతలు పత్తి ఏకి పరుపులు కుట్టారు. వీడు అదే పత్తికి మందు కొట్టే కూలి. బరువులో జయరావు కంటే ఒక మెట్టు పైన ఉండేవాడు కాబట్టి పోటీల్లో ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడలేదు. ఎవడు గొప్ప అని రెండు జిల్లాల టీకొట్లలో గ్లాసులు పగిలేదాకా కొట్లాడుకునేవాళ్లు.

ఒక్కసారి మాత్రం ఇద్దరూ మాట్లాడుకున్నారు. రాష్ట్ర పోటీల్లో జయరావు గెలిచి గోదా దిగాడు. అందరూ వీపు చరుస్తుంటే మీరావలి పక్కకొచ్చి మెల్లగా చెప్పాడు.

"నీ ఎడమ చెయ్యి దిగిపోతోందిరా. మూడో రౌండులో చూసుకో."

గురువు జోసఫ్‌కి కూడా కనిపించని సంగతి అది. ఆ రోజునుంచీ జయరావు ఎవరిని గుద్దినా ఎదురుగా మీరావలి మొహమే కనబడేది. వాడితో తలపడి వాడే నిజంగా మెచ్చుకుంటే తప్ప తను చాంపియన్ కాడని జయరావుకి లోపల తెలుసు. ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పలేక గేదె మాట అన్నాడు.

పోటీ పెట్టించింది పేరయ్య. ఆటమీద ప్రేమ అనుకునేరు. ఆ ఏడు తెల్లదోమ పత్తిని పట్టింది. ఒక మందు కొట్టారు, చావలేదు. రెండు మందులు కలిపి కొట్టారు, చావలేదు. చచ్చింది కొట్టినవాళ్లు. మందు కొట్టినవాడు చేలో పడిపోతే కల్లు తాగి పడ్డాడని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లు. కొట్టుమీద రైతులకి నమ్మకం సడలుతున్న ఆ రోజుల్లో పేరయ్యకి జనం కావాలి, జనం ముందు ఒక బ్యానరు కావాలి. గోడలన్నిటికీ పోస్టర్లు అంటించాడు. ఎడమపక్క జయరావు బొమ్మ, కుడిపక్క మీరావలి బొమ్మ, మధ్యలో మందు డబ్బా బొమ్మ. మీరావలి అరవై కిలోలకు ఒప్పుకున్నాడని తనే కబురు తెచ్చాడు.

క్రిస్మస్ ముందు శనివారం చిలకలూరిపేటలో గోదా కట్టారు. ఎడ్లబళ్ల మీద, ట్రాక్టర్ల మీద జనం వచ్చారు. జయరావు చేతులకు పట్టీలు చుట్టుకుని గోదాలో నిలబడ్డాడు. మీరావలి రాలేదు. ఎదురుమూల ఖాళీగానే ఉంది. ఎండ వాలింది. అప్పుడు పేరయ్య మైకు తీసుకుని ప్రకాశం పులి తోక ముడిచిందన్నాడు. జయరావు చెయ్యి పట్టి పైకెత్తాడు. జనం కేకలు వేశారు. జయరావు చెయ్యి ఎత్తనిచ్చాడు గానీ చూపు ఆ ఖాళీ మూలమీదే ఉంచాడు. మూడో రౌండు సంగతి చెప్పినవాడు పారిపోయే మనిషి కాదు.

మర్నాడు చర్చికి వెళ్లకుండా మార్టూరు బస్సెక్కాడు. తల్లి ప్రేమమ్మ ఆదివారం పూట ఎక్కడికిరా అని అరుస్తూనే ఉంది.

మీరావలి తల్లి సైదాబీ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. పేరు చెప్పగానే ఆమె చేట పక్కన పెట్టింది. తిడుతుందేమో అనుకున్నాడు. తిట్టలేదు. లోపలికి రమ్మని తల ఊపింది.

నులకమంచం మీద ఉన్న మనిషిని జయరావు మొదట గుర్తుపట్టలేదు. ఎముకలు తేలిన భుజాలు, దుప్పటి మీద పడేసినట్టున్న చేతులు. మణికట్ల దగ్గర చేతులు కిందికి వాలిపోయి ఉన్నాయి, ఎండకు వడిలిన ఆకుల్లాగా.

మీరావలి నవ్వాడు. "వచ్చావా. అరవై లోపే ఉంటాలేరా ఇప్పుడు. కావాలంటే కాటా తెచ్చుకో."

సంగతంతా సైదాబీ చెప్పింది. బరువు దిగాలి, కూలీ మానకూడదు. రెండూ ఒకేసారి అయ్యే ఉపాయం దొరికిందని కొడుకు మురిసిపోయాడట. బాక్సర్లు చెమట పట్టడానికి ప్లాస్టిక్ చుట్టుకుని పరిగెత్తుతారు కదా, వీడు యూరియా సంచి లోపలి ప్లాస్టిక్కుని ఒంటికి చుట్టుకుని, పైన చొక్కా తొడిగి, మిట్టమధ్యాహ్నం వీపున పంపు కట్టుకుని మందు కొట్టాడు. అన్నం మానేశాడు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. మందు తుంపర మెడమీదుగా ప్లాస్టిక్ లోపలికి దిగింది. దిగినదానికి బయటికి పోయే దారి లేదు. నాలుగు చేలు అలాగే కొట్టాడు. అయిదో చేలో నురగ కక్కి పడ్డాడు. ఆస్పత్రిలో ప్రాణం దక్కింది. ఇంటికొచ్చి కొన్నాళ్లు లేచి తిరిగాక, విషం నరాలకెక్కి కాళ్లలో, చేతుల్లో సత్తువ మెల్లగా జారిపోయింది.

"మరి కబురు చెయ్యలేదేంటమ్మా?" అన్నాడు జయరావు.

"పేరయ్యగారు వచ్చారు నాయనా. బత్తాయిలు తెచ్చారు. పోటీ వాయిదా వేస్తాను, ఎవరితోనూ అనొద్దు, వైద్యం నేనే చూస్తానన్నారు. ఆయన కొట్టులో కొన్న మందు వల్లని తెలిస్తే కొట్టు మూసుకోవాలని ఆయన భయం. మాకేం తెలుసు? అప్పటినుంచీ మళ్లీ రాలేదు."

పోటీ వాయిదా పడలేదనీ, మైకులో తన కొడుకుని ఫలానా మాట అన్నారనీ ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. మీరావలికి మాత్రం పొద్దున చూడొచ్చిన స్నేహితుడెవరో చెప్పేశాడు. కళ్లతోనే చెప్పొద్దన్నాడు. జయరావు నిన్న పైకెత్తించుకున్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

సైదాబీ టీ పెట్టడానికి వెళ్లింది. జయరావు మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నేను ఆ మాట అనకపోతే..."

"నోరుముయ్యిరా." మీరావలి గొంతులో మాత్రం పాత బలం ఉంది. "నీ మాటకి బరువు దిగలేదు నేను. నీతో ఆడాలని దిగాను. నీలాగా ఆడేవాడు ఇంకెవడున్నాడు ఇక్కడ?"

జయరావు ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాట అదే. అది వినడానికి ఇంతకంటే పాడు చోటు ఉండదు.

"అరచెయ్యి చాపు, గుద్దుతా," అన్నాడు మీరావలి.

జయరావు లేచి అరచెయ్యి చాపాడు, జోసఫ్ తనకు సాధన చేయించేటప్పుడు చాపినట్టు. మీరావలి పళ్లు బిగించి కుడి చెయ్యి లేపాడు. వేళ్లు ముడుచుకోలేదు. చెయ్యి వణుకుతూ కొంత దూరం వచ్చి దుప్పటి మీద పడింది.

"ఇంకోసారి," అన్నాడు జయరావు.

మళ్లీ లేచింది. ఈసారి ఇంకా ముందే పడింది.

"ఇంకోసారి."

మీరావలి చెయ్యి కదల్లేదు. ఆయాసపడుతూ జయరావు వైపు చూశాడు, గోదా దిగిన రోజు చూసినట్టే.

"నీ ఎడమ చెయ్యి ఇంకా దిగుతూనే ఉందిరా," అన్నాడు.

జయరావు ఎడమ చెయ్యి పైకెత్తి గడ్డం పక్కన పెట్టుకున్నాడు. కుడి అరచెయ్యి అలాగే చాపి ఉంచాడు. సైదాబీ టీ తెచ్చి మంచం కోడు దగ్గర పెట్టింది. అది చల్లారిపోయింది. అయినా అతను చెయ్యి దించలేదు.